అద్దాల బీరువాల్లో మన బట్ట

వార్షికోత్సవ సావనీర్‌కి పాత సంగతి ఏదైనా రాసి పంపమని సమాఖ్య పెద్దలు అడిగినప్పుడు, మా సంతపూర్ వాళ్ళం ముందు తటపటాయించాం. మా ఊరు ఔరాద్ తాలూకాలో ఒక చిన్న ఊరు. ఒకప్పుడు తాలూకానే సంతపూర్ తాలూకా అనేవాళ్ళు, ఇప్పుడు ఆ మాట పెద్దవాళ్ళకే గుర్తు. (పేరు సంత నుంచి వచ్చిందా, సంతుల నుంచి వచ్చిందా అన్నది మా అరుగుల మీద ఇంకా తేలని తగాదా.) రాజుల కోటలు బీదర్‌లో ఉన్నాయి, మా దగ్గర లేవు. మా ఇళ్ళల్లో గుంటమగ్గం ఆగిపోయి ఒక తరం దాటింది. సోలాపూర్ వెళ్ళినవాళ్ళు సోలాపూర్‌లో, హైదరాబాద్ వెళ్ళినవాళ్ళు హైదరాబాద్‌లో ఉండిపోయారు. ఏం రాస్తాం?

అలా అనుకుంటున్నప్పుడే ఒక పెళ్ళికి హైదరాబాద్ వెళ్ళాల్సి వచ్చింది. పెళ్ళయిన మర్నాడు పిల్లలు మ్యూజియం చూస్తామన్నారు. మాతో ఎనభై దాటిన మా పెదనాయన ఉన్నాడు. చిన్నప్పటి నుంచి మగ్గం మీదే బతికిన మనిషి, ఇప్పుడు చూపు తగ్గింది గానీ వేళ్ళకి చూపు తగ్గలేదు. పబ్లిక్ గార్డెన్స్‌లో ఉన్న స్టేట్ మ్యూజియంకి పోయాం. మమ్మీ అనగానే పిల్లలు భయపడుతూ నవ్వుతూ దాని చుట్టూ చేరారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ ఈజిప్టులో కొని తెచ్చిన శవం అది. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ చేతుల మీదుగా మ్యూజియంకి చేరింది. నైషు అనే యువతి అని చెబుతారు, రెండు వేల ఏళ్ళ పైమాటే. పిల్లలు ముఖం ఎక్కడుందా అని వెతుకుతుంటే, పెదనాయన అద్దానికి ముక్కు ఆనించి చిరిగిన చోట గుడ్డనే చూస్తున్నాడు.

"ఇది పత్తి గాదురా," అన్నాడు చివరికి. "పోగు బిరుసుగుంది. నారతో నేసిండ్రు."

సరిగ్గా చెప్పాడు. ఈజిప్టు వాళ్ళు శవాలకు చుట్టింది లినెన్. అది అవిసె కాడ లోపలి నార నుంచి తీసిన పోగు. మనకి అవిసె అంటే గింజలే. మన బీదర్ వైపు అగసె అంటాం, వేయించి ఎండుమిరపకాయలతో దంచి జొన్నరొట్టెలోకి వేసుకుంటాం. అదే జాతి మొక్కని నార కోసం ఒత్తుగా చల్లి, పొడుగ్గా పెంచి, పీకి, నీళ్ళలో నానబెట్టి, కాడని చితకగొట్టి నార తీస్తే లినెన్ అవుతుంది. మనం నోటికి తెలిసిన మొక్కని నైలు నది ఒడ్డున ఒంటికి తెలుసుకున్నారు. పెదనాయన ఈ సంగతి విని, "మరి మనకెందుకు తోచలే?" అన్నాడు. మనకి పత్తి ఉంది గదా, అదే జవాబు. మన నల్లరేగడిలో పత్తి ఉండగా అవిసె కాడలు ఎవరు చితకగొడతారు?

ఒక శవానికి ఎంత గుడ్డ పడుతుందో చెబితే నేతవాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుండె ఝల్లుమనదు. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం వాళ్ళు దాదాపు నాలుగు వేల ఏళ్ళ నాటి వాహ్ అనే మనిషి మమ్మీని విప్పి లెక్కపెట్టారు. ఆయన రాజు కాదు, ఒక పెద్ద అధికారి ఆస్తులు చూసుకునే ఉద్యోగి. ఆయన ఒంటికి చుట్టినది సుమారు 375 చదరపు మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే అరవై చీరలకు దగ్గర. ఒక్క మనిషికి! అందులో చాలావరకు ఇళ్ళల్లో వాడి పాతబడిన దుప్పట్లు, పంచెల లాంటివి. మనం పాతచీరలతో బొంత కుట్టినట్టే వాళ్ళు చించి పట్టీలు చేశారు. ఈజిప్టు గుడ్డలు కొన్నింటి మీద సిరాతో రాసిన పేర్లు, గుర్తులు కూడా ఉన్నాయి. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ ఈ మాట దగ్గరికే వస్తాం.

ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన నేసిన దుస్తుల్లో అతి పాతది కూడా ఈజిప్టుదే. లండన్‌లోని పెట్రీ మ్యూజియంలో ఉంది, తర్ఖాన్ చొక్కా అంటారు. మెడ దగ్గర, చేతుల దగ్గర సన్నగా మడతలు పెట్టిన చొక్కా. అయిదు వేల ఏళ్ళు దాటిందని 2015లో చేసిన కార్బన్ పరీక్షలో తేలింది. మోచేతుల దగ్గర ముడతలు ఇంకా అలాగే ఉన్నాయి, అంటే ఎవరో నిజంగా తొడుక్కున్నారన్నమాట. దీని కథలో మాకు నచ్చింది వయసు కాదు. ఫ్లిండర్స్ పెట్రీ అనే ఆయన 1913లో తవ్వినప్పుడు ఇది దుమ్ముపట్టిన పేలికల మూటలో కలిసిపోయి వచ్చింది. ఆ మూటని ఎవరూ విప్పలేదు. అరవై నాలుగేళ్ళ తర్వాత, 1977లో, శుభ్రం చేయడానికి పంపితే లోపల చొక్కా బయటపడింది. అటక మీద మూటలు ఉన్న ప్రతి ఇల్లాలికీ ఈ సంగతి చెప్పాలనిపించింది మాకు.

మరి మన పాత బట్టలు ఏవి? పత్తి నేత మనకి నిన్నమొన్నటిది కాదు. మొహెంజొదారోలో ఒక వెండి పాత్రకి అంటుకుని పత్తిగుడ్డ ముక్క దొరికింది, నాలుగు వేల ఏళ్ళకు పైబడింది. లోహపు ఉప్పు గుడ్డలోకి దిగి పురుగుని దగ్గరికి రానివ్వలేదు కాబట్టి అంత మాత్రమైనా మిగిలింది. లేకపోతే మన వానలకి, చెదలకి, బూజుకి పత్తిగుడ్డ ఎన్నాళ్ళు ఆగుతుంది? నేతవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు, ఒక్క వానాకాలం ఇల్లు కురిస్తే పడుగు మొత్తం మచ్చలు పడేది. ఈజిప్టులో వానలు లేవు, ఇసుక ఉంది. మన దేశంలో నేసి అద్దిన నూలుబట్టలు కైరో పక్కన ఫుస్తాత్ అనే పాత ఊరి దిబ్బల్లో దొరికాయి. ఆక్స్‌ఫర్డ్‌లోని ఆష్మోలియన్ మ్యూజియంలోనే అలాంటివి వెయ్యికి పైగా ముక్కలు ఉన్నాయి. అవి ఎక్కువగా గుజరాత్‌వి. మనవి అని చెప్పుకోవడానికి లేదు, చెప్పుకోం కూడా. కానీ నీతి ఒకటే: మన దేశపు పాత బట్ట చూడాలంటే పరాయి దేశం పోవాలి.

మధ్యాహ్నం సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళాం. 1951 డిసెంబరు 16న నెహ్రూ గారు దాన్ని ప్రారంభించారు, మొదట దివాన్ దేవిడీలో ఉండేది, 1968లో మూసీ ఒడ్డున ఇప్పటి భవనానికి మార్చారు. మూడో సాలార్‌జంగ్ యూసుఫ్ అలీఖాన్ పెళ్ళి చేసుకోలేదు, 1949లో పోయారు. వారి కుటుంబం తరతరాలుగా కూడబెట్టినది, ఆయన స్వయంగా కొన్నది కలిపితే ఆ మ్యూజియం. గడియారం గంట కొట్టే వేళకి అందరూ ఆ హాల్లో గుమిగూడతారు, మేమూ గుమిగూడాం. అదంతా మీకు తెలిసిందే.

అక్కడ ముసుగు రెబెక్కా దగ్గర పెదనాయన ఆగిపోయాడు. బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన పాలరాతి బొమ్మ. 1876లో మొదటి సాలార్‌జంగ్ రోమ్‌లో కొన్నారు. అమ్మాయి ముఖం మీద పల్చటి మేలిముసుగు, లోపలి కళ్ళూ ముక్కూ కనబడతాయి. అంతా రాయే. పక్కనున్న వాళ్ళందరూ ముఖం ఎంత బాగుందో అంటున్నారు. పెదనాయన ముసుగు అంచు చూసి, "ఇంత సన్నం నేయాలంటే నూరు నంబరు పైమాటే. తడిగుడ్డ ఇట్లనే ఒంటికి అంటుతది. వీడెవడో గుడ్డని బాగా చూసినోడు," అన్నాడు. మేము ఆ శిల్పి పేరు చదివి వినిపించాం. ఆయన రెండోసారి పలికి చూసుకున్నాడు.

ఆ తర్వాత మేము ఏ మ్యూజియంలోనైనా బట్టల గదిలోకి వెళ్ళేటప్పుడు ఒక అలవాటు పడింది. ప్రతి పట్టీ దగ్గరా ఆగి, ఊరు, కాలం, రకం చదివాక నేసినవాళ్ళ పేరు కోసం చూడడం. పాత బట్టల దగ్గర ఆ పేరు దాదాపు ఎప్పుడూ ఉండదు. ఇది మ్యూజియం వాళ్ళ తప్పని మేము అనడం లేదు. బట్ట వాళ్ళ చేతికి వచ్చేసరికే పేరు రాలిపోయి ఉంటుంది. షావుకారు దగ్గరే రాలిపోయింది. రాతిలో గుడ్డని చెక్కినాయన పేరు ప్రపంచానికి తెలుసు, అసలు గుడ్డ నేసినవాళ్ళది తెలియదు.

ఎలా రాలిపోయిందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇందులో మన కూడు కూడా కలిసి పోయింది.

ఈస్టిండియా కంపెనీ వాళ్ళు లండన్‌లో 1801లో ఇండియా మ్యూజియం అని ఒకటి పెట్టారు. మన దేశం నుంచి పోయిన ప్రతిదీ అందులో ఉండేది: రాళ్ళు, విత్తనాలు, చచ్చిన పక్షులు, పులితోళ్ళు, కత్తులు, నగలు, బట్టలు. జంతువు, మొక్క, మనిషి చేతిపని అన్న తేడా లేకుండా అంతా "ఇండియా సరుకు". 1879లో దాన్ని మూసేసి సామాను పంచారు. బట్టలు సౌత్ కెన్సింగ్టన్‌కి పోయాయి, అదే ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం. మొక్కల సరుకు క్యూ తోటకి పోయింది, జంతువులు బ్రిటిష్ మ్యూజియం వైపు పోయాయి.

ఆ ఇండియా మ్యూజియంలో ఫోర్బ్స్ వాట్సన్ అనే అధికారి ఉండేవాడు. 1866లో ఆయన ఒక విచిత్రమైన పుస్తకం తయారు చేశాడు. పద్దెనిమిది సంపుటాలు. అందులో రాత తక్కువ, అసలు బట్ట ఎక్కువ. దేశమంతటి నుంచి వచ్చిన తలపాగాలు, చీరలు, ధోవతులు, లుంగీలు కత్తిరించి ఏడు వందల నమూనాలు అతికించాడు. ఒక్కొక్కదాని పక్కన ఎక్కడిది, పొడవెంత, వెడల్పెంత, బరువెంత అని లెక్కలు. ఇలాంటివి ఇరవై సెట్లు. ఇరవై ఏడు వందలు పద్నాలుగు వేల ముక్కలు! పదమూడు సెట్లు ఇంగ్లండు వైపు, ఏడు మన దేశానికి. ఎందుకు చేశాడో ఆయన దాచలేదు. మాంచెస్టర్ మిల్లు యజమాని ఓడెక్కి ఇక్కడికి రానక్కర్లేకుండా, మన జనం ఏం కట్టుకుంటారో అక్కడే కూర్చుని కళ్ళతో చూసి, వేళ్ళతో తడిమి, అలాంటిదే మిల్లులో నేసి మనకి అమ్ముకోవాలని.

ఈ మాట మేము పెదనాయనకి చెప్పినప్పుడు ఆయనకి కోపం రాలేదు. "నమూనా ఇచ్చిన మగ్గపాయనకి పైసలిచ్చిండ్రా?" అని మాత్రం అడిగాడు.

నిజాయితీగా చెప్పాలంటే, ఆ పుస్తకాన్ని చూసి పళ్ళు కొరకడం ఒక్కటే సరిపోదు. ఆ బట్టలే ఆనాడు ఇక్కడే ఉంటే ఈపాటికి మసిగుడ్డలయ్యేవి. కత్తిరించినవాడే దాచాడు. మన నేతమీద దెబ్బ కొట్టడానికి పుట్టిన పుస్తకమే ఇవాళ మన నేతకి సాక్ష్యం. ఈ రెండూ నిజమే, దేన్నీ దాచుకోనక్కర్లేదు.

దానికి చాలాముందే మన తెలుగుతీరం బట్ట లోకం చుట్టింది. ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో 1611లో కొట్టు పెట్టారు. వాళ్ళకి కావలసింది కలంకారీ. కరక్కాయ, గేదెపాలు పట్టించిన గుడ్డ, ఎరుపు పట్టడానికి పటిక, నలుపుకి ఇనుము నానబెట్టిన నీళ్ళు. అసలు ఎరుపు మాత్రం చిరివేరుది. కృష్ణ సముద్రంలో కలిసే చోట ఇసుకనేలల్లో పెరిగే చిన్న మొక్క, దాని వేరులో ఎరుపు. ఆ ఎరుపు ఉతికేకొద్దీ తేలుతుంది గానీ పోదు. యూరప్‌లో అలాంటి రంగు చూసి ఎరగరు. అక్కడి నేతవాళ్ళు అల్లాడిపోయారు. ఫ్రాన్సులో 1686 నుంచి 1759 దాకా మన అద్దకం బట్టలు నిషేధం. ఇంగ్లండులో 1700లో దిగుమతి ఆపుతూ చట్టం చేశారు, 1721లో కట్టుకోవడమే నేరం చేశారు. పరాయి నేతవాడి కడుపు మన బట్ట వల్ల మాడిన రోజులు కూడా ఉన్నాయన్నమాట. తర్వాత వంతు మనది అయింది.

ఆ రంగు గుట్టు తెలుసుకోవాలని వాళ్ళు చేయని ప్రయత్నం లేదు. 1734 ప్రాంతంలో బ్యూలియూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో అద్దకంవాళ్ళ పక్కన కూర్చుని, ఒక్కో దశ అయ్యాక ఒక్కో గుడ్డముక్క కత్తిరించి, ఏం చేశారో పక్కన రాసుకుపోయాడు. కరక్కాయ పట్టిన ముక్క, నల్లగీత వేసిన ముక్క, ఎరుపు ఉడికిన ముక్క, నీలి ముంచిన ముక్క. అది ఎక్కడుందో చూడండి: పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో. తిమింగలాల ఎముకలు, సీతాకోకచిలుకలు ఉండే సంస్థ గ్రంథాలయంలో మన తీరపు అద్దకం ముక్కలు. అది పుదుచ్చేరి పని, మచిలీపట్నానిది కాదు, అయినా పద్ధతి అదే, వేరు అదే.

మొక్కల వైపు నుంచి ఇంకొకాయన వచ్చాడు. విలియం రాక్స్‌బర్గ్, కంపెనీ వైద్యుడు, 1781 నుంచి సామర్లకోటలో ఉన్నాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పెద్ద బొమ్మల పుస్తకం 1795 నుంచి అచ్చయింది. మన చిరివేరు కూడా అందులోకి ఎక్కింది. ఆయన గీయించిన బొమ్మలు మొత్తం రెండున్నర వేలకు పైనే, క్యూలోనూ కలకత్తాలోనూ ఉన్నాయి. గీసినవాళ్ళు ఇక్కడి చిత్రకారులు. వాళ్ళ పేర్లూ మన పేర్లలాగే రాలిపోయాయి. ఆయన స్నేహితుడు పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో పాముల మీద పని చేశాడు, 1796లో పుస్తకం వేశాడు. మన రక్తపింజరిని ఇప్పటికీ లోకమంతా రస్సెల్ పాము అంటుంది. పాముకి కూడా ఒక మనిషి పేరు దక్కింది చూడండి!

యూరప్ వాళ్ళనే తలుచుకుంటే కథ సగమే. ఇండోనేషియాలో సులవేసి దీవి కొండల్లో తొరాజా అనే జనం ఉన్నారు. ఓడల్లో మిరియాలకి, లవంగాలకి బదులుగా పోయిన భారతదేశపు బట్టలు వాళ్ళ ఇళ్ళకి చేరాయి. గుజరాత్‌వీ ఉన్నాయి, మన కోరమాండల్ తీరపువీ ఉన్నాయి. వాళ్ళు వాటిని కట్టుకుని చింపలేదు. ఇంటి దేవుడి సొమ్ములా బుట్టల్లో దాచారు. పండగకో, చావుకో, పంటల పూజకో మాత్రమే బయటికి తీసేవాళ్ళు. కొన్ని బట్టలు అలా నాలుగైదు వందల ఏళ్ళు ఆగాయి. వాళ్ళకి బీరువా లేదు, రసాయనాలు లేవు, మ్యూజియం లేదు. మన దగ్గరకంటే వానలు ఎక్కువ. భక్తి ఒకటే ఉంది. పైన వానల మీద నింద వేసి తప్పించుకున్నాం గదా, ఇది తెలిశాక ఆ మాట మా నోటికి అంత ధైర్యంగా రావడం లేదు.

ఇక మన బీదర్ సంగతి. 1469 ప్రాంతంలో అఫనాసీ నికితిన్ అనే రష్యా వర్తకుడు బహమనీల బీదర్‌కి వచ్చి కొంతకాలం ఉన్నాడు. ఇక్కడి సంతల్లో గుర్రాలు, పట్టు, బట్టలు అమ్ముతారని రాసుకున్నాడు. ఆయన రాత మిగిలింది, ఆయన చూసిన బట్ట ఒక్క జానెడైనా మిగలలేదు. అదే ఊరి బిద్రీ పని చూడండి. తుత్తునాగం, రాగి కలిపి పోసిన పాత్ర మీద వెండి పొదిగి, కోట మట్టితో నల్లబరుస్తారు. లోహం కాబట్టి ఆగింది. 1851లో లండన్ మహాప్రదర్శనకి వెళ్ళింది, ఇవాళ పెద్ద మ్యూజియంలన్నింటిలో ఉంది. బిద్రీ కళాకారుడు షా రషీద్ అహ్మద్ ఖాద్రీ గారికి 2023లో పద్మశ్రీ వచ్చినప్పుడు బీదర్ జిల్లా అంతా గర్వపడింది, మేమూ పడ్డాం. మన నేతలోనూ అలా పేరుతో నిలిచినవాళ్ళు లేకపోలేదు. పుట్టపాకలో తేలియా రుమాలు నేసిన గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీలు వచ్చాయి. ఆముదపు కాయల బూడిద, నూనె పట్టించిన ఆ నూలు రుమాళ్ళు ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు పోయేవి. అప్పుడు నేసినవాళ్ళు ఎవరో మనకి తెలియదు, ఇప్పుడు నేసేవాళ్ళు తెలుసు. ఈ మార్పు మన కళ్ళముందే జరిగింది.

మా సంతపూర్ వాళ్ళకి ఇంకో చిక్కు ఉంది. 1956 నవంబరు 1 దాకా మాది హైదరాబాద్ రాష్ట్రం. ఆ రోజున బీదర్ జిల్లా మూడు ముక్కలైంది. మా తాలూకా మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది, జహీరాబాద్, నారాయణఖేడ్ ఆంధ్రప్రదేశ్‌లోకి పోయాయి, ఉద్గీర్, నీలంగ బొంబాయిలో కలిశాయి. చుట్టాలు మూడు రాష్ట్రాలవాళ్ళయ్యారు. మేము చూసొచ్చిన పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియం మా తాతల కాలంలో మా రాజధాని మ్యూజియం, ఇప్పుడు పక్క రాష్ట్రానిది. మా పిల్లలు కన్నడంలో చదువుతారు, బడిలో మరాఠీ పిల్లలతో ఆడతారు, ఇంట్లో తెలుగు. మంచిదే, మూడు భాషలు వస్తాయి. కానీ పడుగు, పేక, నాడె, కండె, ఆసు అంటే ఏమిటో వాళ్ళకి ఏ భాషలోనూ రాదు. మ్యూజియంలో గుడ్డ ఉంటుంది గానీ ఈ మాటలు ఉండవు.

హైదరాబాద్ నుంచి తిరిగి వస్తూ బస్సులో తేలిన మాట ఒకటే. వాళ్ళ దగ్గర బట్ట ఉంది, పేరు లేదు. మన దగ్గర పేర్లు ఇంకా నోళ్ళలో ఉన్నాయి, బట్టే లేదు. ఉన్నదేదో మూటల్లో ఉంది. ఆ నోళ్ళు కూడా ఎనభై దాటినవి.

వచ్చిన వారంలో మా అయిదారు ఇళ్ళలో పెట్టెలు దింపించాం. ఆడవాళ్ళు ముందు నవ్వారు. ఆ పాత పేలికలు ఎందుకు, స్టీలు సామాన్లవాడికి వేయబోతున్నాం అన్నారు. రెండు ఇళ్ళలో అప్పటికే వేసేశారు కూడా. మిగిలిన వాటిలో దొరికినవి: అంచు తెగిన నూలు చీరలు నాలుగు, ఒక ధోవతి, పిల్లవాడి ఉయ్యాలకి వాడిన దుప్పటి, సగం నేసి ఆపేసిన పడుగు ముక్క. ఏ మ్యూజియమూ వీటికోసం ఎదురుచూడడం లేదని మాకు తెలుసు. తర్ఖాన్ మూట కోసం కూడా ఎవరూ ఎదురుచూడలేదు.

దాచడం ఎలాగో తెలిసినవాళ్ళని అడిగి నేర్చుకున్నది నాలుగు మాటల్లో చెబుతాం. ప్లాస్టిక్ సంచిలో కట్టొద్దు, చెమ్మ లోపలే ఉండి బూజు పడుతుంది. గంజి లేకుండా ఉతికి ఆరిన తెల్ల నూలుగుడ్డలో చుట్టండి, గంజి ఉంటే పురుగు వస్తుంది. ఒకే మడతలో ఏళ్ళ తరబడి ఉంచితే ఆ గీత వెంబడే చినుగుతుంది, కాబట్టి ఏడాదికి రెండుసార్లు మడత మార్చండి, వీలైతే కర్రకి చుట్టండి. ఎండలో కాదు, నీడలో గాలి తగలనివ్వండి. జరీకి కలరా ఉండలు తగలనివ్వొద్దు. చిరిగిన చోట కుట్టకండి, చిరుగు కూడా ఆ బట్ట కథే.

బట్టకి ఒక కాగితం, అందులో ఏం రాయాలి అన్నదగ్గర మాకు వాదన వచ్చింది. మ్యూజియం పట్టీల్లో లాగే ఊరు, రకం, కాలం, పొడవు వెడల్పు రాసుకున్నాం. మన సమాఖ్యలో పద్మశాలి, దేవాంగ, తొగట, స్వకులశాలి, కురుహినశెట్టి, ఇంకా ఎందరో ఉన్నారు. ఏ ఇంటివాళ్ళైనా ఇదే పద్ధతిలో ఫోటో తీసి, కాగితం రాసి పంపితే వచ్చే సావనీర్‌లో వేద్దామని పెద్దలతో అన్నాం, సరేనన్నారు. ఇది డిజిటల్ సావనీర్ కాబట్టి పేజీలకి కరువు లేదు. ఫోటోలో అంచు, కొంగు, వెనకవైపు తప్పక కనబడాలి. పక్కన స్కేలు పెట్టండి.

మొదటి కాగితం మా ఇంటి చీరది. పెదనాయన నేసిందే. చేతిలోకి తీసుకుని, అంచు మీద బొటనవేలు రాసి, ఏ ఏడు నేశాడో చెప్పాడు: ఊళ్ళో కరువు పడి జొన్నలు దొరకని ఏడు. మేము "నేసినవారు" అని గీసిన చోట ఆయన పేరు రాశాం. చదివి వినిపిస్తే ఒప్పుకోలేదు.

"నేనొక్కణ్ణే నేసిన్నా? రాట్నం ఎవరు తిప్పిండ్రు? కండెలు చుట్టింది ఎవరు, గంజి పట్టింది ఎవరు? మీ పెద్దమ్మ. రాత్రి దీపం ముందల కూసుండి చుట్టేది. ఆమె పేరు రాయి. పైన రాయి."

కాగితంలో పైన ఖాళీ లేదు. చింపేసి ఇంకో కాగితం తీసుకున్నాం.